విశాఖ నుంచి అరకు: స్నేహితులతో ఒక్కరోజు, తక్కువ ఖర్చులో. తరచుగా అడిగే ప్రశ్నలు

చలికాలం మొదలైతే చాలు, తెలిసినవాళ్ళ నుంచి ఇవే ప్రశ్నలు వస్తాయి. రైలా, బస్సా? ఎంత అవుతుంది? ఒక్కరోజులో బొర్రా, అరకు రెండూ అవుతాయా? విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాశాను. ఏ ప్రశ్న కావాలంటే ఆ ప్రశ్న దగ్గరే చదువుకోవచ్చు. ఛార్జీలు, వేళలు సీజన్‌ను బట్టి మారుతుంటాయి కాబట్టి డబ్బు లెక్కలన్నీ సుమారుగానే ఇచ్చాను.

## బయల్దేరే ముందు

ఒక్కరోజులో అరకు నిజంగా చూడగలమా, లేక ఒక రాత్రి ఉండాలా?

చూడగలరు. విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. రైలులోనైనా బస్సులోనైనా ఒక వైపు నాలుగు గంటలు పడుతుంది. తెల్లవారక ముందే లేచి రాత్రి పది గంటలకు ఇల్లు చేరడానికి సిద్ధమైతే కొండపైన తిరగడానికి ఆరేడు గంటలు దొరుకుతాయి. ఆ సమయంలో మూడు, నాలుగు చోట్లు హాయిగా చూడొచ్చు. తొమ్మిది చోట్లు చూడాలనుకుంటే మాత్రం జీపులో కూర్చోవడమే మిగులుతుంది.

మాడగడ, వంజంగి దగ్గర మేఘాల సముద్రం చూడాలంటే సూర్యోదయానికే అక్కడ ఉండాలి. ఉదయం విశాఖలో బయల్దేరేవాళ్ళకు అది కుదరదు. మీ మనసు మేఘాల మీదే ఉంటే, ఒక రాత్రి ఉండేలా వేరే ట్రిప్ వేసుకోండి.

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

నవంబరు నుంచి జనవరి వరకు. ఉదయం పొగమంచు, మధ్యాహ్నం పలచటి ఎండ, రోడ్డు పక్కన పచ్చగా విరగబూసిన వలిసె పూల తోటలు. ఆ పసుపు రంగు చూడాలంటే నవంబరు, డిసెంబరు సరైన సమయం. అయితే జనం కూడా అప్పుడే ఎక్కువ. డిసెంబరు చివరి వారం, సంక్రాంతి సెలవులు తప్పించి, వారం మధ్యలో ఒక రోజు సెలవు పెట్టుకుని వెళ్ళగలిగితే ఖర్చూ తగ్గుతుంది, గొడవా తగ్గుతుంది.

నా మటుకు సెప్టెంబరు, అక్టోబరు నెలలు ఇంకా ఇష్టం. వానలు తగ్గుముఖం పట్టి, కొండలు కడిగినట్టు ఉంటాయి. ప్రతి మలుపులో ఒక నీటి ధార కనిపిస్తుంది. జీపుల వాళ్ళతో బేరం కూడా కుదురుతుంది.

వానాకాలంలో వెళ్తే ప్రమాదమా?

జూలై, ఆగస్టులో పచ్చదనం అద్భుతంగా ఉంటుంది. కానీ భారీ వర్షాలప్పుడు కొండచరియలు విరిగిపడి ఈ మార్గంలో రైళ్ళు ఆగిన రోజులున్నాయి. ఘాట్ రోడ్డు మీద కూడా చెట్లు పడుతుంటాయి. అల్పపీడనం, తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో వెళ్ళకండి. టికెట్ డబ్బు పోయినా సరే, ఇంకో వారం చూసుకోండి.

ఎంతమంది వెళ్తే ఖర్చు తక్కువ పడుతుంది?

ఆరుగురి నుంచి ఎనిమిది మంది. ఈ ట్రిప్‌లో పెద్ద ఖర్చు పైన తిరగడానికి మాట్లాడుకునే బండిదే. ఇద్దరు వెళ్ళినా ఎనిమిది మంది వెళ్ళినా జీపు అద్దె దాదాపు ఒకటే. ముగ్గురైతే ఆటో సరిపోతుంది. పది, పన్నెండు మంది అయితే రెండు బళ్ళు కావాలి. ఒక బండి ముందు, ఒక బండి వెనక, ఫోన్ సిగ్నల్ ఉండదు, ఒకరి కోసం ఒకరు ఆగడంలోనే గంట పోతుంది.

మనిషికి మొత్తం ఎంత పెట్టుకోవాలి?

ఆరుగురు వెళ్తున్నారనుకుందాం. రైలు జనరల్ టికెట్ వంద రూపాయల లోపే. తిరుగు బస్సుకు రెండు వందలు పక్కన పెట్టండి. జీపుకు మూడు వేలు అనుకుంటే తలకు ఐదు వందలు. ప్రవేశ టికెట్లన్నిటికీ కలిపి రెండు, మూడు వందలు. తిండికి నాలుగు వందలు. అంటే పదిహేను వందల్లో రోజంతా గడిచిపోతుంది. ఇంటి నుంచి పులిహోర, చపాతీలు కట్టుకెళ్తే ఇంకా తగ్గుతుంది.

ఒక చిన్న సలహా. బయల్దేరేటప్పుడే అందరి దగ్గర తలా వెయ్యి తీసుకుని ఒకరి చేతిలో పెట్టండి. టీ దగ్గర, టికెట్ దగ్గర "నువ్వివ్వు, నేనిస్తా" అనే లెక్కలు ఉండవు. మిగిలింది తిరుగు బస్సులో పంచుకోవచ్చు.

హైదరాబాద్ నుంచి రాత్రి రైలెక్కి, పొద్దున్నే విశాఖలో దిగి నేరుగా అరకు రైలు అందుకోవచ్చా?

ఆ ఆశ పెట్టుకోవద్దు. అరకు వెళ్ళే ప్యాసింజరు ఉదయం ఏడు లోపే విశాఖ నుంచి కదులుతుంది. హైదరాబాద్ రైళ్ళలో కొన్ని ఆ తర్వాతే చేరతాయి. ముందు చేరేవి కూడా అరగంట ఆలస్యమైతే అంతే. ముందు రోజు సాయంత్రానికే విశాఖ చేరండి. స్టేషన్ దగ్గర ఒక డార్మిటరీలోనో, తెలిసినవాళ్ళ ఇంట్లోనో రాత్రి గడపండి. బీచ్ రోడ్డు కూడా చూసినట్టుంటుంది.

ఏం తీసుకెళ్ళాలి?

ఒక పలచటి స్వెటర్ లేదా జాకెట్, జారని బూట్లు, నీళ్ళ సీసా, పవర్ బ్యాంకు, ఆధార్ కార్డు, చిల్లర నోట్లు. ఘాట్‌లో కడుపు తిప్పేవాళ్ళుంటే మాత్ర, రెండు నిమ్మకాయలు, ఖాళీ కవర్లు. ఏజెన్సీలో, అంటే ఈ గిరిజన కొండ ప్రాంతంలో, దోమలున్నాయి, కాబట్టి నిండు చేతుల చొక్కా మంచిది. సూట్‌కేసులు, రెండో జత బట్టలు వద్దు. ఒక్క వీపు సంచి చాలు.

## వెళ్ళేటప్పుడు

రైలు మేలా, బస్సు మేలా, బైకు మేలా?

ఎక్కేటప్పుడు రైలు, దిగేటప్పుడు బస్సు. ఎవరడిగినా నేను ఇదే చెబుతాను.

ఈ రైలు మార్గం పర్యాటకుల కోసం వేసింది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు దించి జపాన్‌కు పంపడానికి 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా వేశారు. అందుకే ఇప్పటికీ దారిపొడవునా ఖనిజం నింపుకున్న పొడవాటి గూడ్సు బళ్ళు ఎదురవుతాయి, వాటి కోసం మన బండి ఆగుతుంది. బరువు బళ్ళు ఎక్కి దిగాలి కాబట్టి పట్టాలను నిటారుగా వేయలేదు. కొండల నడుముల చుట్టూ తిప్పుతూ, అడ్డొచ్చిన చోట తొలుస్తూ తీసుకెళ్ళారు. మార్గం మొత్తం మీద 50కి పైగా సొరంగాలున్నాయి. శృంగవరపుకోట, బొడ్డవర దాటి శివలింగపురం వచ్చేసరికి మైదానం అయిపోతుంది. అక్కడి నుంచి త్యాడ, చిమిడిపల్లి మీదుగా బొర్రా గుహల స్టేషన్ దాకా ఉన్న దారే ఈ రోజు మొత్తానికి ప్రాణం. సొరంగంలో చీకటి, బయటికి రాగానే లోయ, మళ్ళీ చీకటి. పిల్లలే కాదు, పెద్దవాళ్ళు కూడా కేకలు పెడతారు.

బస్సులో ఘాట్ రోడ్డు అందం వేరే ఉంది, దాన్ని దిగేటప్పుడు చూడొచ్చు. బైకుల మీద వెళ్ళేవాళ్ళు పగలే ఘాట్ దిగేలా చూసుకోవాలి. పొగమంచులో, చీకట్లో ఆ మలుపుల మీద అలసిపోయి బండి నడపడం ప్రాణాలతో ఆడుకోవడమే.

ఏ వైపు కూర్చోవాలి?

విశాఖ నుంచి వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ. లోయ ఎక్కువగా అటే కనిపిస్తుంది. ఎడమవైపు దొరికినా దిగులు వద్దు, కొండ అంచు, జలధారలు అటూ ఉంటాయి. శివలింగపురం దాటాక ఎవరూ సీట్లలో కూర్చోరు. కానీ తలుపు దగ్గర వేలాడి ఫొటోలు దిగకండి. సొరంగం గోడ చాలా దగ్గరగా ఉంటుంది.

విస్టాడోమ్ బోగీకి డబ్బు పెట్టడం దండగా?

దండగ అనను. అద్దాల పైకప్పు, తిరిగే కుర్చీలు, పెద్ద కిటికీలు. అమ్మానాన్నలను తీసుకెళ్తే నేను అదే తీసుకుంటాను. కానీ జనరల్ టికెట్‌కు ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా కిటికీలు తెరుచుకోవు, త్యాడ దాటాక ముఖానికి తగిలే చల్లగాలి ఉండదు. తక్కువ డబ్బుతో వెళ్ళే స్నేహితులకు మామూలు బోగీలోనే సందడి ఎక్కువ.

జనరల్ బోగీలో సీటు దొరుకుతుందా?

వారం మధ్యలో దొరుకుతుంది. ఆదివారం, సెలవు రోజుల్లో ఐదున్నరకల్లా ప్లాట్‌ఫారం మీద ఉండాలి. టికెట్ కౌంటర్‌లోనో, రైల్‌వన్ యాప్‌లోనో తీసుకోవచ్చు. ఇదే బండికి రిజర్వేషన్ బోగీలు కూడా ఉంటాయి. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. డిసెంబరులో వెళ్ళేవాళ్ళు అక్టోబరులోనే చూసుకుంటే టెన్షన్ ఉండదు.

బొర్రాలో దిగాలా, అరకు దాకా వెళ్ళాలా?

బొర్రా గుహలు స్టేషన్‌లో దిగండి. రైలు దారిలో అందమైన భాగం అప్పటికే అయిపోతుంది. గుహలు స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉన్నాయి. పది గంటల ప్రాంతంలో దిగితే రద్దీ పెరగకముందే గుహల్లోకి వెళ్ళొచ్చు. తర్వాత జీపు మాట్లాడుకుని అనంతగిరి, గాలికొండ, సుంకరమెట్ట మీదుగా అరకు చేరి, సాయంత్రం అక్కడే బస్సెక్కితే వెళ్ళిన దారినే వెనక్కి తిరగాల్సిన పని ఉండదు. అరకులో దిగితే బొర్రా కోసం 35 కిలోమీటర్లు వెనక్కి రావాలి.

ఇలా చేస్తే శిమిలిగుడ స్టేషన్ చూడలేరు. దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ స్టేషన్ ఒకప్పుడు దేశంలోనే ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్‌గా పేరు పొందింది. రైళ్ళంటే ప్రాణం పెట్టేవాళ్ళయితే అరకు దాకా వెళ్ళి, బొర్రా వదిలేయండి.

టూరిజం శాఖ ప్యాకేజీ తీసుకుంటే పోదా?

ఏపీ టూరిజం వాళ్ళు విశాఖ నుంచి రైలులో తీసుకెళ్ళి బస్సులో దించే ఒక్కరోజు ప్యాకేజీ నడుపుతారు. భోజనం, టికెట్లు, బండి అన్నీ వాళ్ళే చూసుకుంటారు. పెద్దవాళ్ళు ఉన్న కుటుంబాలకు, భాష రాని బయటి రాష్ట్రాల మిత్రులకు అది సుఖం. ఐదారుగురు కుర్రాళ్ళు, అమ్మాయిలు వెళ్తుంటే సొంతంగా వెళ్ళడమే చవక. నచ్చిన చోట ఇంకో పావుగంట ఉండొచ్చు.

## పైకి చేరాక

జీపు బేరం ఎలా ఆడాలి?

ఎక్కే ముందే నాలుగు సంగతులు తేల్చుకోండి: ఏయే చోట్లు చూపిస్తారు, ఎక్కడ దించుతారు, ఎన్ని గంటలకు, పార్కింగ్ డబ్బు ఎవరిది. "అరకు బస్టాండులో దించాలి" అని గట్టిగా చెప్పండి. ఇద్దరు ముగ్గురు డ్రైవర్లను అడిగితే ఆ రోజు ధర అర్థమవుతుంది. మరీ గీచిగీచి బేరమాడకండి. సీజన్ నాలుగు నెలలే, ఆ సంపాదనతోనే వాళ్ళ ఇల్లు ఏడాదంతా గడవాలి. మంచి డ్రైవర్ దొరికితే ఏ మలుపు దగ్గర ఆపాలో, ఎక్కడ తినాలో ఆయనే చెబుతాడు.

బొర్రా గుహలు ఎంతసేపు పడతాయి? మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు దిగగలరా?

గంటన్నర పెట్టుకోండి. ఇవి సున్నపురాయి గుహలు. పైనుంచి కారే నీటిలో కరిగిన సున్నం వేల ఏళ్ళుగా చుక్కచుక్కా పేరుకుని కప్పు నుంచి వేలాడే ఊడల్లా, నేల నుంచి లేచే స్తంభాల్లా గట్టిపడింది. గోస్తనీ నది ఈ ప్రాంతం నుంచే సాగుతుంది. గుహల పైనుంచి రైలు పట్టాలు వెళ్తాయి. లోపల శివలింగంగా కొలిచే రాయి ఉంది, శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు వస్తారు.

మెట్లు చాలా ఉన్నాయి, తడిగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మొదటి పెద్ద మండపం దాకా దిగి ఆగిపోయినా చాలు, గుహ విశాలత అక్కడే తెలుస్తుంది. బయట కోతులున్నాయి, చేతిలో తినుబండారాలు పెట్టుకోవద్దు. గుహలు మామూలుగా ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు తెరిచి ఉంటాయి.

ఒక్కరోజే ఉంది. ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి?

బొర్రా గుహలు, గాలికొండ వ్యూపాయింట్, ఒక కాఫీ తోట, అరకు గిరిజన మ్యూజియం. ఇవి చాలు.

కాఫీ తోటకు సుంకరమెట్ట దగ్గర ఆగండి. పొడవాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. అక్కడ చెట్ల మధ్య వేసిన చెక్క వంతెన మీద నడవొచ్చు. కాయలు కోయకండి, అది ఒక గిరిజన రైతు ఏడాది పంట.

గిరిజన మ్యూజియంను చాలామంది "బొమ్మలే కదా" అని దాటేస్తారు. నాకు అది బాధగా ఉంటుంది. మనం ఫొటోలు దిగి వచ్చే ఈ కొండలు బగత, కొండదొర, వాల్మీకి, కోటియా, పోర్జ వంటి తెగల ఊళ్ళు. వాళ్ళు ఎలా వండుకుంటారు, ఎలా వేటాడతారు, పెళ్ళి ఎలా చేస్తారు, థింసా నాట్యం ఎలా ఆడతారు అన్నది అక్కడ గంటలో తెలుస్తుంది. పక్కనే కాఫీ మ్యూజియం ఉంది, అక్కడ కాఫీ తాగండి.

చాపరాయి జలపాతం ఎదురు దిశలో, పాడేరు దారిలో ఉంది. దానికి వెళ్తే సాయంత్రం బస్సు తప్పే అవకాశం ఎక్కువ. కటికి జలపాతానికి రానూపోనూ రెండు గంటలు పైనే పోతాయి, వానల తర్వాత అయితేనే ఆలోచించండి. పద్మాపురం ఉద్యానవనం రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైన తోట. టైం మిగిలితే వెళ్ళండి.

జలపాతాల్లో దిగొచ్చా?

పాదాలు తడుపుకోండి, చాలు. చాపరాయి లాంటి చోట్ల రాయి నున్నగా ఉంటుంది, నాచు కనపడదు, పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ నీరు ఒక్కసారిగా పెరుగుతుంది. ఈత వచ్చినవాళ్ళు కూడా అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. హెచ్చరిక బోర్డు ఉన్న చోట దిగుతానని ఎవరైనా అంటే, మిగతావాళ్ళు చెయ్యి పట్టుకుని ఆపండి.

బొంగులో చికెన్ ఎక్కడ తినాలి? ఎంత చెప్పాలి?

అనంతగిరి నుంచి అరకు దాకా రోడ్డు పక్కన నిప్పుల మీద బొంగులు కాలుతూ కనిపిస్తాయి. మసాలా పట్టించిన కోడిమాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి, ఆకుతో మూతి మూసి నిప్పుల మీద కాలుస్తారు. నూనె వేయరు, వెదురులోని తడితోనే మగ్గుతుంది. ముందే కాల్చి పెట్టింది తీసుకోవద్దు. మీ కళ్ళ ముందు బొంగు నింపించుకోండి. అరగంట పైగా పడుతుంది, ఆలోపు మొక్కజొన్న పొత్తు తినండి. కేజీ లెక్కన అమ్ముతారు. ధర, కోడి ఎంత అన్నది ముందే మాట్లాడుకోవాలి. ఆరుగురికి కేజీన్నర, పక్కన అన్నం చెప్పుకుంటే సరిపోతుంది.

శాకాహారులకు అరకు బస్టాండు చుట్టుపక్కల మామూలు భోజన హోటళ్ళున్నాయి.

ఫోన్‌పే చేస్తే సరిపోతుందా, డబ్బు కావాలా?

డబ్బు కావాలి. అరకు ఊళ్ళో యూపీఐ నడుస్తుంది. కానీ ఘాట్‌లో, సొరంగాల దగ్గర, బొర్రా చుట్టుపక్కల సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. అమ్మే వాళ్ళలో చాలామంది చిన్నపాటి వ్యాపారం చేసుకునే గిరిజన మహిళలు. తలా ఐదారు వందల నగదు, అందులో పది, ఇరవై నోట్లు ఉంచుకోండి.

అక్కడివాళ్ళ ఫొటోలు తీయొచ్చా?

అడిగి తీయండి. వద్దంటే వదిలేయండి. వలిసె తోటలోకి వెళ్ళడానికి రైతు ఇరవై, ముప్పై రూపాయలు అడిగితే ఇచ్చేయండి. మన అడుగుల కింద నలిగేది ఆయన పంట. సంత చూడాలనుకునేవాళ్ళు శుక్రవారం వెళ్ళండి, అరకు సంత ఆ రోజే.

అమ్మాయిలం మాత్రమే వెళ్తున్నాం. ఇబ్బంది ఉంటుందా?

పగటిపూట ఉండదు. ఇలాంటి బృందాలు రోజూ వస్తాయి. చీకటి పడ్డాక ఒంటరి వ్యూపాయింట్ల దగ్గర ఆగకుండా, జీపు నంబరు ఫొటో తీసి ఇంటికి పంపి, ఐదున్నర లోపు బస్సెక్కేలా చూసుకోండి. మరుగుదొడ్లు బొర్రా దగ్గర, మ్యూజియం దగ్గర వాడుకోండి, మధ్యలో దొరకడం కష్టం.

## తిరుగు ప్రయాణం

సాయంత్రం రైలులోనే వెనక్కి రావచ్చా?

కిరండూల్ నుంచి వచ్చే ప్యాసింజరు మధ్యాహ్నం దాటాక అరకు మీదుగా విశాఖకు వస్తుంది. దాన్ని నమ్ముకుంటే పైన నాలుగు గంటలే మిగులుతాయి. గూడ్సు బళ్ళ కోసం ఆగుతూ ఆలస్యమైతే సొరంగాలు, లోయలు అన్నీ చీకట్లోనే. బస్సే మేలు.

ఆఖరి బస్సు ఎన్నింటికి?

వేళలు మారుతుంటాయి. అందుకే అరకు చేరగానే ముందు బస్టాండులో సాయంత్రం బస్సుల వేళలు కనుక్కుని, ఆ తర్వాతే తిరగండి. ఆఖరి బస్సు మీద ఆధారపడకుండా దానికి ముందు బస్సు లక్ష్యంగా పెట్టుకోండి. ఐదు, ఐదున్నర మధ్య ఎక్కితే తొమ్మిదిన్నర ప్రాంతంలో విశాఖ ద్వారకా బస్ స్టేషన్‌లో ఉంటారు.

ఆడవాళ్ళకు ఉచిత బస్సు ఇక్కడ వర్తిస్తుందా?

స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి సర్వీసుల్లో ఆంధ్రప్రదేశ్‌లో నివాసం ఉన్న మహిళలకు ఛార్జీ లేదు. చిరునామా ఉన్న అసలు గుర్తింపు కార్డు చూపాలి. తెలంగాణ చిరునామా ఉన్నవాళ్ళు టికెట్ కొనాల్సిందే. మీరు ఎక్కే బస్సు ఏ రకమో ముందు కండక్టరును అడగండి.

వచ్చేటప్పుడు ఏం కొనుక్కోవచ్చు?

కాఫీ పొడి, మిరియాలు, తేనె, రాజ్‌మా. అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రోడ్డు పక్కన పేరు లేని పొట్లాల కంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొంటే సరుకు మీద నమ్మకం ఉంటుంది. పొడిలో చికోరీ కలిసిందా లేదా అన్నది పొట్లం మీద చూసుకోండి. అల్లం, పసుపు, సీజన్‌లో సీతాఫలాలు సంతలో నేరుగా రైతుల దగ్గరే కొనండి.

దారిలో పోలీసులు బ్యాగులు తనిఖీ చేస్తారట, నిజమేనా?

నిజమే. ఏజెన్సీ నుంచి గంజాయి రవాణా ఆపడానికి చెక్‌పోస్టుల దగ్గర బస్సులు, కార్లు, బైకులు ఆపి చూస్తారు. సహకరించండి, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ముఖ్యంగా కాలేజీ పిల్లలకు చెబుతున్నాను: కొత్తవాళ్ళు ఎవరైనా "ఈ సంచి విశాఖలో మావాళ్ళకు ఇచ్చేయండి" అంటే ముట్టుకోవద్దు. సరదాకి కొంచెం అని కూడా కొనొద్దు. ఆ కేసు పడితే చదువు, ఉద్యోగం, పాస్‌పోర్టు అన్నీ చిక్కుల్లో పడతాయి.

అదే రాత్రి విశాఖ నుంచి హైదరాబాద్ రైలు ఎక్కేయొచ్చా?

పదకొండు గంటల తర్వాత బయల్దేరే బండి అయితేనే టికెట్ తీసుకోండి. ఘాట్‌లో ఒక లారీ అడ్డం తిరిగినా గంట పోతుంది. ద్వారకా బస్ స్టేషన్ నుంచి రైల్వే స్టేషన్‌కు ఆటోలో పది, పదిహేను నిమిషాలు. రాత్రి భోజనం స్టేషన్ బయటే తినేసి లోపలికి వెళ్ళండి.